గాబూన్ వైపర్ పిల్లను అడిగినవాళ్లకల్లా అమ్మేయవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. చిన్నప్పటి నుంచీ పాములంటే పిచ్చి. మూడేళ్లుగా విషం లేని ఒక కార్న్ స్నేక్‌ను బాగానే పెంచుతున్నాడు. ఇప్పుడు గాబూన్ వైపర్ అనే ఆఫ్రికా విషపాము పిల్లను కొంటానంటున్నాడు. మేమందరం వద్దంటే, "కుక్కలు ఇంతకంటే ఎక్కువ మందిని చంపుతున్నాయి, వాటిని నిషేధిస్తారా? నా గది, నా ప్రాణం, మీకేంటి?" అని ఎదురు వాదిస్తున్నాడు. అసలు ఇలాంటి ప్రమాదకరమైన విదేశీ సరీసృపాలను పెంపుడు జంతువులుగా అమ్మనివ్వాలా?

జవాబు: మీ తమ్ముడి వాదనలో సగం నిజం ఉంది. ముందు అది ఒప్పుకుందాం. పెంపుడు సరీసృపాల వల్ల చనిపోయేవాళ్లు నిజంగానే చాలా తక్కువ. కుక్కల వల్ల పోయేవాళ్లే ఎక్కువ. పాము అనగానే జనానికి పుట్టే వణుకును చట్టాలు చేసేవాళ్లు కారణంగా తీసుకోకూడదని నేనూ అంటాను. ఇరవై రెండేళ్లు జూలో సరీసృపాల విభాగంలో పనిచేశాను, అందులో పదిహేనేళ్లు విషపాముల గదిలోనే. వాటంటే నాకు భయం కంటే ఇష్టమే ఎక్కువ. అయినా నా జవాబు, అమ్మనివ్వకూడదనే. పెంచనివ్వకూడదు అనడం లేదు, గమనించండి. పెంపకం వేరు, డబ్బిచ్చిన వాడికల్లా అమ్మడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే ఈ గొడవ ఎప్పటికీ తెగదు.

కుక్కతో పోలిక కొంతవరకే నిలుస్తుంది. కుక్క వేల ఏళ్లుగా మనిషి పక్కన బతికి మారిన జంతువు. మన మొహం చూసి మన మూడ్ పసిగడుతుంది. కరవబోయే ముందు చాలాసార్లు గుర్రుమంటుంది. కరిస్తే ఏం చేయాలో మామూలు డాక్టరుకు కూడా తెలుసు. గాబూన్ వైపర్ సంగతి అది కాదు. ఆఫ్రికా అడవుల్లో రాలిన ఆకుల మధ్య ఆకులాగే పడి ఉండి, ఎర తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా ఆగే పాము అది. విషపు కోరలు ఐదు సెంటీమీటర్ల దాకా ఉంటాయి, పాములన్నిటిలోకీ పొడవైనవి. ఒక్క కాటులో దించే విషం కూడా చాలా ఎక్కువ. గంటల తరబడి బొమ్మలా కదలదు కాబట్టి "చాలా శాంతమైన పామండీ" అని అమ్మేవాళ్లు చెబుతారు. దాన్ని శాంతం అనరు, మాటు వేయడం అంటారు.

ఇక "నా ప్రాణం, మీకేంటి" అన్న మాట. ఆ వయసులో నేనూ అలాగే అనేవాణ్ని. లెక్క తప్పేది సరిగ్గా అక్కడే.

యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు) అంటే అన్ని పాములకూ పనికొచ్చే ఒకే మందు అనుకుంటారు చాలామంది. కాదు. గుర్రాలకో గొర్రెలకో కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలను తీసి శుద్ధి చేస్తారు. ఏ పాముల విషం ఎక్కించారో ఆ పాములకు, మహా అయితే వాటి దగ్గరి చుట్టాలకు మాత్రమే అది పనిచేస్తుంది. గాబూన్ వైపర్‌కు వాడే మందు దక్షిణాఫ్రికాలో తయారయ్యే పాలీవాలెంట్, అంటే కొన్ని జాతుల పాములకు కలిపి చేసినది. ఆఫ్రికా బయట ఏదో ఆసుపత్రికి వెళ్లి అడిగితే ఉండదు. ఆ పామే లేని చోట ఆ మందు ఎందుకు పెట్టుకుంటారు? ఒకటో రెండో సీసాలతో పని జరగదు కూడా. గట్టి కాటు పడితే పది, అంతకంటే ఎక్కువే కావాలి.

దొరికితే ఆ మందు జూలలో దొరుకుతుంది. మా దగ్గర రూలు ఏమిటంటే, కొత్త విషపాము గేటు దాటి రావాలంటే దానికి తగిన మందు ముందే ఫ్రిజ్‌లోకి వచ్చి ఉండాలి. దానికో రిజిస్టరు. ఏ సీసా గడువు ఎప్పుడు తీరుతుంది, కొత్తది ఎప్పుడు ఆర్డర్ పెట్టాలి, వేరే దేశం నుంచి రావడానికి అనుమతులు ఎక్కడ ఆగాయి, ఇదంతా చూసే పని కొన్నేళ్లు నాదే. పాముల పని కంటే ఆ కాగితాల పనే ఎక్కువ టెన్షన్. ఆ మందు మా సిబ్బంది ప్రాణాల కోసం. బయట ఎవరో సరదాగా కొనుక్కున్న పాము కాటేస్తే అర్ధరాత్రి ఫోన్ మాత్రం మాకు వస్తుంది. ఇవ్వం అని ఎలా అంటాం? ఇస్తాం. మర్నాడు మా ఫ్రిజ్ ఖాళీ. కొత్త స్టాకు వచ్చేదాకా ఆ జాతి పామును ముట్టుకోవద్దని ఆర్డరు. నా సర్వీసులో ఇలా రెండుసార్లు జరిగింది. ఒకసారి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ బోను శుభ్రం చేసే ప్రతి ఉదయం మాలో ఒకడు మరొకడి మొహం చూసేవాడు.

2021లో అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని రాలీ నగరంలో జరిగింది చూడండి. అక్కడ ఒక యువకుడు ఇంట్లో పెంచుకుంటున్న జీబ్రా కోబ్రా జూన్ నెలలో వేరే వాళ్ల ఇంటి అరుగు మీద కనిపించింది. విషాన్ని చిమ్మే జాతి అది. వాకబు చేస్తే, అంతకు ఏడు నెలల ముందే తప్పించుకుందని, పెంచుకునే మనిషి ఎవరికీ చెప్పలేదని తేలింది. ఈ మధ్యలోనే అతన్ని అతని దగ్గరున్న గ్రీన్ మాంబా అనే మరో విషపాము కాటేసి ఆసుపత్రి పాలయ్యాడు కూడా. ఇంత జరిగినా ఇంకో పాము తప్పిపోయిందన్న మాట నోటినుంచి రాలేదు. ఎందుకు రాలేదో నాకు అర్థమవుతుంది. చెబితే అన్నీ పట్టుకుపోతారని భయం. ఏడు నెలలు ఆ వీధిలో పిల్లలు ఆడుకున్నారు. "నా గది, నా ప్రాణం" అన్నది అక్కడ ఎవరి ప్రాణమైంది?

2019లో జర్మనీలోని హెర్నె పట్టణంలోనూ ఇలాగే ఒక నాగుపాము తప్పించుకుంది. నాలుగు ఇళ్లు ఖాళీ చేయించి, దొరికేదాకా జనాన్ని రోజుల తరబడి బయటే ఉంచారు. ఆ దెబ్బతో ఆ రాష్ట్రం 2021 నుంచి విషజంతువులను ఇళ్లలో కొత్తగా పెంచుకోవడాన్నే ఆపేసింది. ఒక మనిషి సరదా ఎంతమందికి చుట్టుకుంటుందో చూశారుగా.

"వాడు అజాగ్రత్త మనిషి, నేను అలా కాదు" అని మీ తమ్ముడు అంటాడు. అనకపోతే ఆశ్చర్యపోవాలి. అందుకే ఇద్దరి సంగతి చెబుతాను. కార్ల్ ష్మిట్ చికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో పేరున్న సరీసృపాల శాస్త్రవేత్త. 1957 సెప్టెంబరులో గుర్తించమని పంపిన బూమ్‌స్లాంగ్ అనే ఆఫ్రికా పాము పిల్లను చేత్తో పట్టుకుంటే బొటనవేలి మీద కాటేసింది. పిల్ల పాము కదా, ఒక్క కోరే దిగింది కదా అని ఆసుపత్రికి వెళ్లలేదు. తన లక్షణాలను తానే డైరీలో రాసుకుంటూ ఉండి మర్నాడే చనిపోయారు. రెండో ఆయన జర్మనీకి చెందిన రాబర్ట్ మెర్టెన్స్, ప్రపంచంలో అంతటి సరీసృపాల శాస్త్రవేత్తలను వేళ్ల మీద లెక్కపెట్టాలి. 1975లో ఎనభై ఏళ్ల వయసులో, తాను పెంచుకుంటున్న ట్విగ్ స్నేక్‌కు మేత పెడుతుంటే అది కరిచింది. పద్దెనిమిది రోజులు నరకం చూసి పోయారు. ఈ ఇద్దరికీ తెలియంది ఏముంది? పాముల గురించి వాళ్లకు తెలిసినంత మీ తమ్ముడికి ఎప్పటికీ తెలియకపోవచ్చు, నాకూ తెలియదు. ఆ రెండు జాతులూ కోరలు వెనక ఉండే పాములు. వాటి కాటు పెద్ద ప్రమాదం కాదని ఒకప్పుడు అందరూ నమ్మేవారు.

ఇదే నమ్మకంతో రెడ్ నెక్డ్ కీల్‌బ్యాక్ అనే అందమైన పామును విషం లేనిదని చెప్పి చాలాకాలం అమ్మారు. కరిస్తే రక్తం గడ్డకట్టడం ఆగిపోయే పాము అది. అమ్మినవాడు అబద్ధం చెప్పాడని నేననను. వాడికీ తెలియదు. తెలియనివాడు తెలియనివాడికి అమ్మడమే ఈ వ్యాపారంలో ఎక్కువ.

నా కథ కూడా చెప్పాలి, తప్పు నాదే. తొమ్మిదో ఏడు సర్వీసు. బోను తలుపు తెరిచే ముందు పాము ఎక్కడుందో కళ్లతో చూడాలి, చూశానని పైకి పలకాలి, పక్కనున్నవాడు అది విని తలూపాలి. ఇది మా పద్ధతి. ఆ రోజు పక్కనున్నవాడు టీ కోసం వెళ్లాడు. నేను ఇంటి గొడవ ఏదో ఆలోచిస్తూ తలుపు తెరిచాను. దాగుడు పెట్టె మూత వేసే ఉంది కాబట్టి పాము లోపలే ఉందనుకున్నాను. పాము తలుపు చట్రం పై అంచున, నా నుదుటికి జానెడు దూరంలో ఉంది. అది కాటెయ్యలేదు. నా నైపుణ్యం అందులో ఏమీ లేదు, దానికి అప్పుడు బుద్ధి పుట్టలేదంతే. తలుపు మూసి కింద కూర్చుంటే లేవడానికి అరగంట పట్టింది. జీతం తీసుకుని, ట్రైనింగ్ పొంది, రూలు గోడ మీద రాసి ఉన్న చోట ఇది జరిగింది. ఇంట్లో రాత్రి పదకొండింటికి, పని నుంచి అలిసిపోయి వచ్చి, ఒక్కడే నీళ్ల గిన్నె మార్చే మనిషి పరిస్థితి ఊహించుకోండి. కుక్క విషయంలో ఒక రోజు ఏమరుపాటుగా ఉండొచ్చు. ఈ పాముతో ఇరవై ఏళ్లలో ఒక్క రోజు కూడా కుదరదు.

ఇంతవరకూ విషం గురించే మాట్లాడాం. విషపాము పిల్ల పుట్టిన రోజు నుంచే ప్రమాదం, కాబట్టి కొనేవాడికి ఎంతోకొంత భయం ఉంటుంది. నన్ను అడిగితే అమ్మకం దగ్గర పెద్ద మోసం జరిగేది కొండచిలువలు, మొసళ్ల జాతి వాటి విషయంలో. బర్మీస్ కొండచిలువ పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడు సుమారు రెండడుగులే ఉంటుంది. చేతికి గాజులా చుట్టుకుంటుంది, పిల్లలు ముద్దు చేస్తారు. కొన్నేళ్లలో అది పదిహేనడుగులు దాటొచ్చు, ఇద్దరు మనుషులు ఎత్తాల్సిన బరువు అవుతుంది. రెటిక్యులేటెడ్ కొండచిలువ ఇరవై అడుగులు దాటిన సందర్భాలూ ఉన్నాయి. కేమన్ మొసలి పిల్ల అరచేతిలో బల్లిలా ఉంటుంది. మొక్కై వంగనిది మానై వంగదంటారు. వీటిలో మొక్కగా ఉన్నప్పుడు వంగిందనుకున్నది కూడా వంగడం కాదు, బలం చాలకపోవడం. అమ్మేవాడు ఆ జంతువును దాని జీవితం మొత్తంలో అతి తక్కువ ప్రమాదం ఉన్న వారంలో చూపించి డబ్బు తీసుకుంటాడు. అసలు ప్రమాదం మొదలయ్యేనాటికి వాడి ఫోన్ నంబరు కూడా మారిపోయి ఉంటుంది.

కొండచిలువ ఊపిరాడకుండా చేసి చంపుతుందని అందరూ అంటారు. 2015లో బోవాల మీద, అంటే కొండచిలువల్లాగే చుట్టి చంపే పాముల మీద, చేసిన పరిశోధనలో తేలింది వేరు. అది బిగించిన కొన్ని సెకన్లలోనే ఎర ఒంట్లో రక్తప్రసరణ దెబ్బతింటుంది. అరిచి సాయం పిలిచే సమయం కూడా ఉండదన్నమాట. అందుకే ఎనిమిది, తొమ్మిది అడుగులు దాటిన కొండచిలువ దగ్గరికి మేం ఒంటరిగా వెళ్లం. చుట్టుకుంటే రెండోవాడు తోక కొస పట్టుకుని అటునుంచి విప్పుకుంటూ రావాలి, తల దగ్గర లాగితే ఇంకా బిగిస్తుంది. పైగా ఇలాంటివి చాలావరకు పగతో జరగవు. చేతికి ఎలుక వాసన ఉంటే, తలుపు తెరిచిన వేళ మేత వేళ అయితే, కదిలిన ప్రతిదీ దానికి మేతే. పాముకు పగ ఉంటుందనేది ఎంత అబద్ధమో, ప్రేమ ఉంటుందనేదీ అంతే అబద్ధం. మెడ చుట్టూ వేసుకుని "నన్ను హత్తుకుంది" అని ఫొటో పెట్టేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు.

2009లో ఫ్లోరిడాలో ఇంట్లో పెంచుకుంటున్న కొండచిలువ గాజు తొట్టిలోంచి బయటికొచ్చి రెండేళ్ల పాపను చంపింది. ఆ తొట్టికి సరైన మూత లేదు, దుప్పటి కప్పి కట్టారు. అది తొమ్మిది అడుగులు కూడా లేదు. 2013లో కెనడాలోని క్యాంప్‌బెల్టన్‌లో, పెంపుడు జంతువుల దుకాణం మీది అపార్ట్‌మెంటులో ఒక ఆఫ్రికన్ రాక్ కొండచిలువ గాలి గొట్టం దారిన బయటపడి, స్నేహితుడి ఇంట్లో నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములను చంపింది. వాళ్లకు ఆరేళ్లు, నాలుగేళ్లు. ఈ మూడు ప్రాణాల్లో ఒక్కటీ ఆ పామును కొనాలనుకున్న ప్రాణం కాదు.

చట్టాలు కూడా తమాషాగా ఉంటాయి. బ్రిటన్‌లో 1976 నుంచీ ప్రమాదకర వన్యమృగాల చట్టం ఉంది. విషపాములకూ మొసళ్లకూ లైసెన్సు కావాలి. భారీ కొండచిలువలు ఆ జాబితాలోనే లేవు. 2017లో అక్కడ ఒక అనుభవజ్ఞుడైన పెంపకందారు చనిపోయాడు, కారణం అతని కొండచిలువేనని మరుసటి ఏడాది విచారణలో తేల్చారు. కోరలున్న వాటికి భయపడి జాబితా రాస్తే ఇలాగే అవుతుంది.

ఇక పెంచలేక వదిలేసేవాళ్లు. మా జూ గేటు దగ్గరికి దిండు గలీబులో, బియ్యం సంచిలో పాము తెచ్చి "తీసుకోండి సార్" అని నిలబడినవాళ్లు ఎంతమందో. మేం తీసుకోం, తీసుకోలేం. ఒక పెద్ద కొండచిలువకు ఒక గది కావాలి, మా గదులు ఎప్పుడో నిండిపోయాయి. సంచి తెచ్చినవాడు దాన్ని తిరిగి ఇంటికి తీసుకెళ్తాడనే నమ్మకం నాకు లేదు. ఇలా వదిలేసిన బర్మీస్ కొండచిలువలే ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో సంతతి పెంచాయి. 1992 నాటి ఆండ్రూ తుఫానులో ఒక పెంపక కేంద్రం కూలి కొన్ని బయటపడ్డాయనీ అంటారు. ఒక్కో ఆడది ఒక కాన్పులో యాభై గుడ్ల దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెడుతుంది. 2012లో వచ్చిన పరిశోధన ప్రకారం, ఈ పాములు పెరిగాక అక్కడ రాత్రిపూట రోడ్ల మీద రకూన్లనే చిన్న అడవి జంతువులు కనబడటం 99 శాతం తగ్గిపోయింది, ఒపోసమ్‌లనే మరో రకం చిన్న జంతువులదీ దాదాపు అదే పరిస్థితి. అదే ఏడాది అమెరికా ఈ జాతి దిగుమతిని ఆపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఎవర్‌గ్లేడ్స్‌లో ఇప్పటికీ పాములు పట్టేవాళ్లకు ప్రభుత్వం డబ్బిచ్చి పట్టిస్తోంది. అమ్మి లాభం చేసుకున్నవాళ్లలో ఎవరూ ఆ ఖర్చు కట్టడం లేదు.

"మరి మొత్తం నిషేధించేస్తే పోలా?" అంటే, అక్కడ నేను మీ తమ్ముడి వైపు. నార్వేలో దశాబ్దాల పాటు సరీసృపాలన్నిటినీ నిషేధించారు. జనం దొంగచాటుగా పెంచారు. దొంగచాటుగా పెంచేవాడు జబ్బు చేస్తే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడు, తప్పించుకుంటే ఎవరికీ చెప్పడు. చివరికి 2017లో ప్రమాదం లేని 19 జాతుల జాబితా రాసి వాటిని అనుమతించారు. ఇది నాకు నచ్చిన దారి. ఏవి వద్దో రాసే జాబితాకు అంతుండదు, రేపు కొత్త జాతి బజారుకొస్తుంది. ఏవి పర్వాలేదో రాస్తే పని తేలిక.

ఆ జాబితాలో లేని జంతువు కావాలంటే? ముందు మనిషికి పరీక్ష, తర్వాతే జంతువు. ఫ్లోరిడాలో విషపూరిత సరీసృపాల లైసెన్సుకు కనీసం ఏడాది కాలంలో 1,000 గంటల అనుభవం చూపించాలి. అన్ని పొరపాట్లూ చేసిన రాష్ట్రం కాబట్టే కాబోలు, ఈ రూలు మాత్రం బాగా రాసుకుంది. వదిలేయకుండా తెచ్చి ఇచ్చేస్తే కేసు లేకుండా తీసుకునే పథకం కూడా 2006 నుంచి నడుపుతోంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో విదేశీ సరీసృపాలు పెంచుకోనివ్వరు. స్థానిక జాతులను మాత్రం లైసెన్సుతో పెంచుకోవచ్చు, విషపాములకు లైసెన్సు నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. వీటికి నేను ఇంకొకటి కలుపుతాను. యాంటీవెనమ్ ఎక్కడుంది, ఎవరు కొన్నారు, గడువెప్పుడు అనే కాగితం లేకుండా విషపాము చేతులు మారకూడదు. ఆ నిబంధన పెట్టిన రోజు ఈ బేరాల్లో చాలావరకు వాటంతటవే ఆగిపోతాయి. ఈ షరతులన్నీ దాటినవాడు పాము తెచ్చుకుంటే దాన్ని పెంపుడు జంతువు అనడం మానేద్దాం. అది వాడి పని, వాడి చదువు.

విషగ్రంథులు కోసేసిన పాములు దొరుకుతాయని ఎవరైనా చెబితే ఆ మనిషితో మాటలే పెట్టుకోవద్దనండి. ఆ కోత జంతువుకు హింస, గ్రంథి కొంచెం మిగిలిపోతే విషం వస్తూనే ఉంటుంది. విషం లేదనుకుని చెయ్యి పెట్టేవాడికి అదే యముడు.

మీ తమ్ముడితో గొడవ పడకండి, పడితే చెప్పకుండా తెచ్చుకుంటాడు. మూడేళ్లు ఒక పామును బాగా చూసుకున్నవాడు పనికిరాని మనిషి కాడు. విషపాములతో పనిచేసే పరిశోధన సంస్థలోనో జూలోనో వలంటీరుగా చేరమనండి. మొదటి ఏడాది బోనులు కడగడం, రిజిస్టరు రాయడం, ఎలుకలను లెక్కపెట్టడం తప్ప పామును ముట్టనివ్వరు. సగం మంది మూడో నెలలోనే మానేస్తారు. మానకపోతే నాలాగే అక్కడే ఉండిపోతాడు, ఇంట్లో పెట్టుకోవాలన్న కోరికా తీరిపోతుంది. నా ఇంట్లో ఇప్పుడున్నది పద్నాలుగేళ్ల కార్న్ స్నేక్ ఒక్కటే. రెండుసార్లు కరిచింది, సబ్బుతో కడుక్కుని అన్నానికి కూర్చున్నాను.

ఈలోగా వాణ్ని ఒక్కటి అడిగి చూడండి. వాడికి జ్వరమొచ్చి వారం మంచం పడితే, ఆ గాబూన్ వైపర్ గిన్నెలో నీళ్లెవరు మారుస్తారని.